సుగ్గికి వెళ్లే పిల్లలు, వాళ్ల టీచర్లకు లేని తోడు

దీపావళి దాటితే కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల బళ్లలో హాజరు పలచబడడం మొదలవుతుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి, అంటే పనులు వెతుక్కుంటూ ఏటా సాగే వలసకు, కదులుతాయి. గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు వెళ్లేవారు కొందరు, బెంగళూరు, హైదరాబాదులలో కట్టడం పనులకు వెళ్లేవారు కొందరు. తుంగభద్ర పక్కనే పారుతున్నా ఈ నేలలో చాలా భాగం వానను నమ్ముకున్నదే కనుక, కరువు లేని ఏడాది కూడా ఈ ప్రయాణం తప్పడం లేదు. ఉగాదికి ఊరు చేరిన పిల్లల్లో కొందరు మళ్లీ బడి మెట్లెక్కరు. ఆడపిల్లయితే ఆలోగా పెళ్లిమాట కూడా వచ్చి ఉంటుంది.

ఈ పిల్లల కోసం పథకాలు లేకపోలేదు. వలస వెళ్లినవారి పిల్లలను ఊళ్లోనే నిలిపేందుకు సీజనల్ హాస్టళ్లు, చదువు మానేసిన బాలికల కోసం 2004 నుంచి కస్తూర్బా విద్యాలయాలు, హాజరుతో ముడిపెట్టి తల్లుల ఖాతాలో వేసే డబ్బు ఉన్నాయి. ఇవన్నీ పిల్లల వైపు నుంచో తల్లిదండ్రుల వైపు నుంచో ఆలోచించి చేసినవి. పిల్లవాడు బడికి దూరమవుతున్నాడని ముందుగా పసిగట్టగలిగిన టీచరుకు ఎవరు తోడుంటారన్నది మాత్రం ఎవరి పద్దులోనూ చేరలేదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి కర్నూలు జిల్లా అక్షరాస్యత దాదాపు 60 శాతమే. ఇంట్లో మొదటిసారి పలక పట్టిన పిల్లలకు ఇక్కడ చదువు తెలిసిన పెద్దదిక్కు తరచుగా ఆ టీచరే.

ఎనిమిదో తరగతి అమ్మాయి వరసగా వారం రోజులు రాలేదనుకుందాం. టీచరు ఇంటికి వెళ్లి అడిగితే నిశ్చితార్థం సంగతి బయటపడుతుంది. పిల్లల సహాయం కోసం ఉన్న హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలని ఆమెకు తెలుసు; సచివాలయంలో మహిళా పోలీసు ఉన్నారనీ తెలుసు. ఫోన్ చేశాక అదే ఊళ్లో, అదే బడిలో, అదే తల్లిదండ్రుల ఎదుట ఎలా పనిచేయాలో ఆమెకు చెప్పేవారు లేరు. ఆమె ఈ ప్రాంతానికి కొత్తదైతే చిక్కు ఇంకా పెద్దది. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ జరిగింది కనుక ఇలాంటి కొత్త టీచర్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. పైగా తల్లి సుగ్గికి వెళ్తే పిల్లను ఏ అవ్వ ఉంచుకుంటుంది, ఊరి కూలీలను ఏ మేస్త్రీ ఎక్కడికి తీసుకెళ్తాడు అన్నవి ఏ రిజిస్టరులోనూ ఉండవు. టీచరు బదిలీ అయితే ఆ ఎరుక కూడా వెళ్లిపోతుంది, కొత్తగా వచ్చినవారు మళ్లీ మొదటి నుంచి తెలుసుకోవాలి.

ఇందుకు కొత్త శాఖ అక్కర్లేదు. దగ్గరలోని బడులన్నిటినీ ఒక జట్టుగా చూసే స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన 1966 నాటి కొఠారి కమిషన్ నివేదికలోనే ఉంది. 2020 జాతీయ విద్యా విధానం దాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది. మన దగ్గర కాంప్లెక్స్ సమావేశాలు జరుగుతూనే ఉన్నాయి గానీ, వాటిలో సింహభాగం సర్క్యులర్లకూ శిక్షణ అంశాలకూ ఆన్‌లైన్ నమోదుల గొడవకూ పోతుంది. ప్రతి సమావేశంలో ఒక గంటను బడి మానే ప్రమాదంలో ఉన్న పిల్లల గురించి మాట్లాడుకోవడానికే కేటాయించాలి. ఆ గంటలో ఫారాలు నింపకూడదు, ఫొటోలు తీయకూడదు, పై అధికారికి నివేదిక పంపకూడదు. లెక్క అడిగిన మరుక్షణం టీచరు నిజం చెప్పడం మానేస్తాడని బడులు తెలిసినవారికి వివరించనక్కర్లేదు. దీన్ని వాట్సాప్ గ్రూపుతో సరిపెట్టడం అంతకంటే ప్రమాదం, ఎందుకంటే పెళ్లి ఆగిన పిల్ల పేరు అలాంటి గ్రూపులో తిరిగితే ఆ ఇంటికి తలవంపులు, ఆ టీచరుకు ఊరితో వైరం మిగులుతాయి.

అయితే సుగ్గి కాంప్లెక్సుతో ఆగదు, జిల్లాతోనూ ఆగదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి, కుటుంబాలు వెళ్లే దారులు మాత్రం మారలేదు. కోసిగి టీచరుకూ, ఆ పిల్లలు నాలుగు నెలలు గడిపే పల్నాడు పల్లె టీచరుకూ పరిచయమే ఉండదు. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం పిల్లలకు మరో బడికి మారే హక్కుంది; టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదు. ఆ మాట కాగితం మీది నుంచి బడి గదిలోకి రావాలంటే రెండు వైపులా ఒకరినొకరు ఎరిగిన మనుషులుండాలి. అందుకే ఈ వ్యవస్థను జిల్లా సరిహద్దును బట్టి కాక, వలస దారిని బట్టి కట్టాలంటున్నాను. కర్నూలు పశ్చిమ మండలాలకు గుంటూరు, పల్నాడు టీచర్లు జత కావాలి. అనంతపురం వైపు నుంచి బెంగళూరు దారి పట్టే పల్లెలకు జత వేరే ఉండాలి. బి.తాండ్రపాడు, బుక్కపట్నంలలోని డైట్లు (ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు) ఈ పరిచయాలు కలపగలవు, చిక్కుముడి పడిన సందర్భాలను పేర్లు తీసేసి రాయించి కొత్త టీచర్లకు అందించగలవు. దీనికయ్యే ఖర్చు రానుపోను చార్జీలు, సమావేశం రోజున డ్యూటీగా గుర్తింపు, అంతే.

సమయం మాత్రం కీలకం. మేస్త్రీలతో మాటలు కుదిరి కూలీల ముఠాలు సిద్ధమయ్యాక తల్లిదండ్రులను ఆపడం టీచరు వల్ల కాదు, హాస్టల్ తలుపు తెరిచినా అప్పటికి ఆలస్యమే. కాబట్టి ఈ రెండు వైపుల టీచర్ల మొదటి భేటీ దసరా సెలవుల కంటే ముందే, సెప్టెంబరులోనే జరగాలి.