పెట్రోల్ కారు చిరంజీవి, ఈవీ అల్పాయుష్షు: ఈ లెక్క ఎక్కడ తప్పింది?

ఫోన్ల మీద ఫోన్లు దాటుకుంటూ తిరుగుతున్న మెసేజ్ ఒకటుంది. మాటలు అటూ ఇటూ మారినా సరుకు ఇదే: "నలభై ఏళ్ల నాటి పెట్రోల్ కారు ఇప్పటికీ నడుస్తోంది. ఎలక్ట్రిక్ కారు ఎనిమిదేళ్లకే బ్యాటరీ పోయి తుక్కు కిందికి వెళ్తుంది. పాత కారు ఎన్నాళ్లు మూలన పెట్టినా సెల్ఫ్ కొడితే లేస్తుంది. ఈవీ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఏసీకే చార్జి అయిపోతుంది. నీళ్లలో దిగితే షాక్ కొడుతుంది, లేదంటే తగలబడుతుంది. ఆ కరెంటు కూడా బొగ్గుదే. పాత కారు ఆగిపోతే స్పానరు చాలు."

మొత్తం అబద్ధమైతే పక్కన పడేయొచ్చు. ఇందులో నిజం పాలు కొంత ఉంది, అది ఎక్కడెక్కడ ఉందో తేల్చడానికే ఇదంతా.

"ఎనిమిదేళ్లకు బ్యాటరీ పోతుంది"

ఆ ఎనిమిది అంకె వారంటీ కాగితంలోంచి వచ్చింది. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఇస్తాయి. ఆలోగా సామర్థ్యం 70 శాతం కంటే కిందికి పడితే బాగు చేసో మార్చో ఇస్తామన్నది దాని అర్థం. వారంటీ ముగిసే రోజునే చావు రోజనుకుంటే, మూడేళ్ల వారంటీతో అమ్మిన పెట్రోల్ కార్లన్నీ నాలుగో ఏట రోడ్డు పక్కన పడి ఉండాలి.

బ్యాటరీ మామూలుగా ఒక్కరోజులో చచ్చిపోదు, మెల్లగా చిక్కిపోతుంది. కొత్తలో 400 కిలోమీటర్లు వెళ్లింది కొన్నేళ్లకు 350 వెళ్తుంది. సెల్ లోపల ఆనోడ్ (చార్జి చేసినప్పుడు లిథియం వెళ్లి చేరే వైపు) మీద ఒక పల్చటి పొర ఏర్పడుతుంది. అది మందమయ్యే కొద్దీ పనికొచ్చే లిథియాన్ని మింగుతూ పోతుంది. వేడి, నిండు చార్జి రెండూ కలిస్తే ఈ పని జోరందుకుంటుంది. సెల్ బాగా చల్లగా ఉన్నప్పుడు ఫాస్ట్ చార్జింగ్ చేస్తే వేరే బెడద: లిథియం ఆనోడ్ లోపలికి దూరే వ్యవధి లేక పైనే లోహంగా పేరుకుంటుంది. అందుకే చలిలో కారు తనంతట తానే చార్జింగ్ వేగం తగ్గించుకుంటుంది. చార్జరు పాడైందనుకుని జనం తిట్టుకుంటారు గానీ, అది బ్యాటరీని కాపాడుతున్న పని.

ఈ భయానికి ఒక మూలం మాత్రం నిజమైనదే. 2010 చివర్లో వచ్చిన తొలి నిస్సాన్ లీఫ్ అనే ఎలక్ట్రిక్ కారులో 24 యూనిట్ల బ్యాటరీకి కూలెంట్ లేదు, గాలి కొట్టే ఫ్యాను కూడా లేదు. వేడి ఎక్కువున్న ప్రాంతాల్లో డాష్‌బోర్డు మీది 12 కెపాసిటీ గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి. మొదటి గీత పోయిందంటేనే దాదాపు 15 శాతం పోయినట్టు. తర్వాత వచ్చిన కార్లలో ఎక్కువ భాగం బ్యాటరీని కూలెంట్‌తో చల్లబరుస్తాయి. వాటికీ లీఫ్ జాతకమే రాసిపెట్టడం కుదరదు.

ఊహాగానాలెందుకు, కొలుచుకోవచ్చు. 100 శాతం చార్జి చేసి, ఎండా చలీ మరీ లేని రోజున ఒకే విడతలో 20 శాతం దాకా నడపండి. ట్రిప్ మీటరులో ఖర్చయిన యూనిట్లు చూడండి. 38 యూనిట్లు చూపిందనుకుందాం. 80 శాతానికి 38 అంటే మొత్తం 47.5. కొత్తలో వాడుకోదగ్గ సామర్థ్యం 52 యూనిట్లయితే మిగిలింది సుమారు 91 శాతం. మధ్యలో బండి ఆపి ఏసీ వేసుకుని కూర్చుంటే లెక్క చెడుతుంది. కొన్ని కార్ల ట్రిప్ మీటర్లు బండి నడిచినప్పటి ఖర్చునే లెక్కిస్తాయి కాబట్టి బ్యాటరీ లేనిపోని జబ్బుతో కనిపిస్తుంది.

దాంతోపాటు ఓబీడీ రీడరు (కారు కంప్యూటరులోని లెక్కలు చదివే పరికరం) పెట్టి సెల్స్ మధ్య వోల్టేజి తేడా చూడాలి. నిలిపిన కారులో 20 మిల్లీవోల్టుల లోపు ఉంటే దిగులు లేదు. చార్జి తక్కువున్నప్పుడు గట్టిగా తొక్కితే ఒకే సెల్ మిగతావాటికంటే 100 మిల్లీవోల్టులకు మించి కిందికి జారుతోందంటే దాన్ని అనుమానించాలి. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం) సెల్స్‌లో చార్జి సగంలో ఉండగా ఈ పరీక్ష పనికిరాదు. వాటి వోల్టేజి ఆ మధ్యలో గీత గీసినట్టు చదునుగా ఉంటుంది, తేడా బయటపడేది పైకొసనో కిందికొసనో. ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం) బ్యాటరీని రోజువారీ వాడకంలో 80 శాతం దగ్గర ఆపమంటారు, ఎల్ఎఫ్‌పీని మాత్రం అప్పుడప్పుడు నిండా చార్జి చేయమంటారు. రెండో సలహా ఆ చదును గీత వల్లే. కారుకు తన దగ్గర ఎంత చార్జి ఉందో సరిగ్గా తెలియాలంటే పైకొస తగలాలి.

ఒక సెల్ పోతే ప్యాకంతా పోయినట్టేనా? తొలి లీఫ్‌లో 48 మాడ్యూళ్లు, ఒక్కోదాంట్లో 4 సెల్స్. మాడ్యూళ్లన్నీ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి బలహీనమైనది ఎక్కడ ఖాళీ అయితే కారు అక్కడే ఆగుతుంది. ఆ ఒక్క మాడ్యూల్‌ని దించి, సామర్థ్యంలోనూ వోల్టేజిలోనూ మిగతావాటికి సరితూగేది బిగిస్తే సరి. కొత్తది తెచ్చి పాతవాటి మధ్య పెడితే అనుకున్నంత లాభం ఉండదు, మిగిలిన 47లో చిక్కినదే పెత్తనం చేస్తుంది. ఇటీవలి కొన్ని ప్యాకులను నురగలాంటి జిగురు పోసి బిగించేస్తున్నారు. వాటిని విప్పి ఒక మాడ్యూల్ మార్చడం దాదాపు అసాధ్యం. మెసేజ్ రాసినవారు దీని గురించి మొత్తుకుని ఉంటే మేమూ గొంతు కలిపేవాళ్లం.

"నలభై ఏళ్ల కారు ఇప్పటికీ నడుస్తోంది"

నడుస్తోంది, నిజమే. దానితోపాటు అదే ఏడాది అదే ఫ్యాక్టరీలోంచి వచ్చిన మిగతావి ఏమయ్యాయి? తుక్కుకి వెళ్లినవి రోడ్డు మీద కనిపించవు కదా.

కనిపించే కారైనా ఏ భాగాలతో నడుస్తోందో చూడండి. ఫోక్స్‌వాగన్ బీటిల్ 1938 నుంచి 2003 దాకా తయారైంది, 2.1 కోట్లకు పైగా అమ్ముడైంది, మొండి బండిగా పేరు మోసింది. ఆ మొండితనం వెనకున్న చాకిరీ ఇది: ఐదు వేల కిలోమీటర్లకోసారి 2.5 లీటర్ల ఇంజన్ ఆయిల్ మార్చాలి, ఫిల్టరు ఉండదు కాబట్టి జాలీ విప్పి కడగాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాక టాపెట్ల (వాల్వులను కదిలించే భాగాల) గ్యాప్ 0.15 మి.మీ.కి తేవాలి. ఇది చేయకపోతే గ్యాప్ మూసుకుపోయి వాల్వు పూర్తిగా కూర్చోదు. సరిగా కూర్చోని వాల్వు తన వేడిని సిలిండర్ హెడ్‌కి అప్పజెప్పలేక కాలిపోతుంది. సీసం కలిపిన పెట్రోల్ కోసం చేసిన పాత ఇంజన్లలో చాలావాటికి, సీసం లేని పెట్రోల్ వచ్చాక హెడ్ దించి గట్టి వాల్వు సీట్లు వేయించాల్సి వచ్చింది.

నలభై ఏళ్ల కారులో మొదటి క్లచ్ ప్లేటు ఉండదు, మొదటి కార్బొరేటర్ ఉంటే గొప్ప, ఇంజన్ ఒకసారైనా బోరింగ్‌కి వెళ్లొచ్చి ఉంటుంది. పెట్రోల్ కారుకేమో మార్చిన భాగాలన్నీ కలుపుకుని ఆయుష్షు లెక్కిస్తారు, ఈవీకేమో ఒక్క భాగం కూడా మార్చకూడదన్న షరతు పెట్టి లెక్కిస్తారు. ఈ మెసేజ్ మొత్తం నిలబడింది ఈ రెండు తక్కెళ్ల మీదే.

"ఎన్నాళ్లు మూలన పెట్టినా సెల్ఫ్ కొడితే లేస్తుంది"

(ఆ సెల్ఫ్ కూడా ఎలక్ట్రిక్ మోటారే. 1912 కాడిలాక్‌లో అది వచ్చేదాకా పెట్రోల్ కారును హ్యాండిల్ తిప్పి లేపేవారు. ఆనాటి ఎలక్ట్రిక్ కార్లను పెట్రోల్ కార్లు వెనక్కి నెట్టడంలో ఒక ఎలక్ట్రిక్ మోటారుకీ వాటా ఉంది.)

అన్నిటికంటే తప్పు మాట ఇదే. పెట్రోల్ నిల్వ ఉంటే తేలిగ్గా ఆవిరయ్యే పాళ్లు ఎగిరిపోతాయి, మిగిలింది జిగురవుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ గాలిలోని తేమను పీలుస్తుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి, పికప్ పైపు పీల్చేదీ అడుగు నుంచే.

ఏడాదికి పైగా నిలిపిన కార్బొరేటర్ బండికి వెళ్లగానే సెల్ఫ్ కొట్టడం మొదటి పొరపాటు. ముందు ట్యాంకులోని పాత పెట్రోల్ తీసేయాలి. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి, క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పాలి. కార్బొరేటర్ ఫ్లోట్ గిన్నె విప్పితే అడుగున గోధుమరంగు జిగురు కనిపిస్తుంది. జెట్లను (పెట్రోల్ వెళ్లే సన్న రంధ్రాల ఇత్తడి ముక్కలను) క్లీనరుతోనూ గాలితోనూ శుభ్రం చేయాలి. తీగ దూర్చకూడదు, ఇత్తడి మెత్తన, రంధ్రం కొంచెం పెద్దదైనా పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. పాత రబ్బరు హోస్‌లు ఇథనాల్‌కి పగుళ్లిస్తాయి, ఇథనాల్‌ని తట్టుకునే జే30 ఆర్9 రకం వేసుకోవాలి. బ్రేకుల వీల్ సిలిండర్లు పట్టేశాయేమో చూడకుండా రోడ్డెక్కకూడదు.

ఈవీని నిలపాలంటే పని చిన్నది గానీ మరిచిపోతే శిక్ష పెద్దదే. పెద్ద బ్యాటరీని 50 శాతం దగ్గర వదలాలి, నిండుగానూ ఖాళీగానూ వద్దు. అసలు మోసం చేసేది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. అది పడిపోతే పెద్ద బ్యాటరీని కలిపే కాంటాక్టర్లు (పెద్ద స్విచ్‌లు) ఆన్ కావు. కింద 60 యూనిట్లున్నా తెర కూడా వెలగదు. పెట్రోల్ కారులో సెల్ఫ్ ఈడ్చుకుంటూ మోగి ముందే చెబుతుంది, ఈవీలో ఆ మూలుగు వినపడదు. నాలుగైదేళ్లకోసారి ఆ చిన్న బ్యాటరీని మార్చేయడం మేలు. పడిపోతే బయటి 12 వోల్టుల బ్యాటరీతో జంప్ ఇవ్వొచ్చు. ఈవీ బ్యాటరీతో ఇంకో కారుకి జంప్ ఇవ్వడం మాత్రం వద్దు.

"ట్రాఫిక్‌లో ఏసీకే అయిపోతుంది"

లోపల చల్లబడ్డాక ఏసీకి గంటకు సుమారు ఒక యూనిట్. 60 యూనిట్ల బ్యాటరీ సగం ఉన్నా 30 గంటలు. హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే ఏర్పాటు) లేని కారులో హీటరుకు గంటకు 2 నుంచి 3 యూనిట్లు, అంటే 10 నుంచి 15 గంటలు. నిలబడి తిరిగే పెట్రోల్ ఇంజన్ గంటకు 0.8 లీటర్లు తాగుతుందనుకుంటే 20 లీటర్లకు 25 గంటలు. ఎండలో పెట్రోల్ కారుకు మొగ్గేం లేదు, గట్టి చలిలో ఉంది. అయితే మంచులో పొగ గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది. ఇక బెల్టుతో తిరిగే ఫ్యాను ఉన్న పాత బండి గంటసేపు ఐడిల్‌లో నిలబడితే పెట్రోల్ అయ్యేలోపు మరిగిపోతుంది.

"నీళ్లలో షాక్, లేదంటే మంట"

ఈవీలో హై వోల్టేజి తీగల్లో ఏదీ కారు బాడీకి కలిసి ఉండదు. ఐక్యరాజ్యసమితి ఆర్100 నిబంధన ప్రకారం డీసీ వైపు వోల్టుకు కనీసం 100 ఓమ్‌ల ఇన్సులేషన్ ఉండాలి. 400 వోల్టుల కారుకు అది 40,000 ఓమ్‌లు. తగ్గితే కారు హెచ్చరిస్తుంది. అదే నీళ్లలో పెట్రోల్ ఇంజన్ నీటిని పీల్చిందంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

మంట సంగతి తేలిగ్గా కొట్టేయలేం. 2021 ఆగస్టుకల్లా షెవర్లే బోల్ట్ కార్లన్నిటినీ వెనక్కి పిలిచారు. చిరిగిన ఆనోడ్ ట్యాబ్ (ఆనోడ్‌ని కలిపే రేకు), మడతపడ్డ సెపరేటర్ (రెండు వైపులా తగలకుండా మధ్యలో ఉండే పొర) ఒకే సెల్‌లో కలవడం కారణం. 2022లో ఫ్లోరిడాలో ఇయాన్ తుఫానుకు ఉప్పునీట మునిగిన ఈవీలు కొన్ని తర్వాత అంటుకున్నాయి. లిథియం మంట ఆర్పడానికి వేల లీటర్ల నీళ్లు కావాలి, ఆరిందనుకున్నాక మళ్లీ లేవొచ్చు. ఉప్పునీట మునిగిన ఈవీని ఇంటికి దూరంగా, ఆరుబయట పెట్టాలి. కానీ పాత కారు మంటలేని బండేమీ కాదు. పగిలిన హోస్‌లోంచి వేడి మానిఫోల్డ్ మీదికి చుక్కలు పడటం దానికి పుట్టుకతో వచ్చిన ప్రమాదం.

"ఆ కరెంటు బొగ్గుదే"

ఇక్కడ మెసేజ్‌కి మార్కులు పడతాయి. లీటరు పెట్రోల్ కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. 100 కిలోమీటర్లకు 6 లీటర్లు తాగే కారు 13.8 కిలోలు వదులుతుంది, తవ్వడం శుద్ధి చేయడం కలిపితే 16 చిల్లర. ఈవీ అదే దూరానికి చార్జింగ్ నష్టంతో 18 యూనిట్లు తీసుకుంటుంది. మొత్తం బొగ్గు కరెంటే అయితే యూనిట్‌కి సుమారు కిలో, అంటే 18 కిలోలు. ఈవీ ఓడింది. కరెంటులో బొగ్గు సగమై మిగతా సగం పొగలేనిదైతే 9 కిలోలే, ఈవీ గెలిచింది.

బ్యాటరీ తయారీ భారం కూడా వేయాలి. దాదాపు 5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అనుకుంటే, సగం బొగ్గు కరెంటుతో అది తీరడానికి 65,000 కిలోమీటర్ల పైనే నడవాలి. ఏటా వెయ్యి కిలోమీటర్లు మాత్రమే తిరిగే పాత కారు, 100కి 10 లీటర్లు తాగేదైనా, దాన్ని అమ్మి ఈవీ కొంటే బ్యాటరీ భారం ఒక్కటే తీరడానికి పాతికేళ్లకు పైగా పడుతుంది. దాన్ని అలాగే ఉంచుకోవడమే నయం. రోజూ 50 కిలోమీటర్లు తిరిగే బండికి ఈ మాట చెల్లదు.

"స్పానరు చాలు"

పాత కారు విషయంలో ఒప్పుకుంటాం. పాయింట్ల (స్పార్క్‌ కోసం కరెంటును తెంచి కలిపే భాగం) మడమ అరిగి గ్యాప్ మూసుకుపోతే స్పార్క్ ఆలస్యమవుతుంది, బండి లాగదు, వేడెక్కుతుంది. ఫీలర్ గేజ్ పెట్టి 0.4 మి.మీ.కి తెస్తే పది నిమిషాల పని. ఈవీలో నారింజ రంగు తీగ (హై వోల్టేజి తీగ) ఉన్నచోట ఆ చొరవ పనికిరాదు. 12 వోల్టులు విప్పి, సర్వీస్ ప్లగ్ లాగి, కెపాసిటర్లలో నిలిచిన చార్జి దిగడానికి పది నిమిషాలు ఆగి, 1000 వోల్టుల గ్లోవ్స్ తొడుక్కుని, మీటరుతో సున్నా చూశాకే చెయ్యి పెట్టాలి. శిక్షణ లేనివారు అదీ చేయకూడదు.

మిగతా కారంతా స్పానరుకి లొంగేదే. ఎక్కువగా మోటారే బండిని ఆపుతుంది కాబట్టి బ్రేక్ ప్యాడ్లు పెద్దగా అరగవు, వాడకం లేక బ్రేకులు తుప్పు పడతాయి. ఏడాదికోసారి విప్పి, బ్రష్ చేసి, స్లైడ్ పిన్నులకు గ్రీజు పెట్టాలి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. గేర్ బాక్స్ ఆయిల్, కూలెంట్ మాన్యువల్లో చెప్పిన రకమే పోయాలి.

లొంగనిది సాఫ్ట్‌వేర్. పాత కార్బొరేటర్ ఎక్కడి నుంచి తెచ్చినా బోల్టులు కుదిరితే పని చేస్తుంది. ఈవీలో మార్చిన ఇన్వర్టరునో చార్జరునో కంపెనీ టూల్‌తో జత చేయకపోతే చాలా కార్లు దాన్ని గుర్తించవు. ఇదే జబ్బు ఇవాళ షోరూంలోంచి వచ్చే పెట్రోల్ కారుకీ ఉంది. దాని ఈసీయూ (ఇంజన్ కంప్యూటరు), ఇమ్మొబిలైజరు (దొంగతనం ఆపే తాళం) కూడా స్కానరు లేకుండా మాట వినవు. 1980ల నాటి పెట్రోల్ కారును ఇప్పటి ఈవీ పక్కన నిలబెట్టిన మెసేజ్, ఇప్పటి పెట్రోల్ కారును మాత్రం చల్లగా దాచేసింది.