నర్సమ్మ ఆయుష్షుపై విచారణ జరిపించాలి

తిరుపతి బైరాగిపట్టెడలో 97 ఏళ్ళ రిటైర్డు నర్సు ఒకరు ఎవరి అనుమతీ లేకుండా బతికి ఉన్నారు. ప్రజాధనంతో ముడిపడిన వ్యవహారం కాబట్టి చూసీ చూడనట్టు వదిలేయడం కుదరదు.

1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు దించినప్పుడు, సరిగ్గా 55 నిండిన పాపానికి ఈమె ఇంటికొచ్చేశారు. ఇక పనికిరారని సర్కారే తేల్చి చెప్పాక, మర్యాద తెలిసిన మనిషైతే ఓ పదేళ్ళలో ఫైలు మూసుకోనివ్వాలి. ఈమె 33 ఏళ్ళు పనిచేసి, 42 ఏళ్ళుగా పింఛను తీసుకుంటున్నారు. (ఇప్పుడు రాష్ట్రంలో రిటైర్మెంటు 62కు పెరిగింది. ముసలితనం కూడా జీవో వస్తేగానీ రాదు.)

ఉద్యోగంలో చేరేనాటికి చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో అదీ రెండు, 2022లో తిరుపతి వేరే జిల్లా. పాలనా సౌలభ్యం కోసం రాష్ట్రాలే ముక్కలవుతుంటే ఈమె మాత్రం ఒక్క ముక్కగానే ఉండిపోయారు. ఇది సహకరించే పద్ధతేనా?

రహస్యం కనుక్కుందామని సెల్‌ఫోన్లు పట్టుకుని కుర్రాళ్ళు వస్తుంటారు. ఆమె పుట్టింది సేద్యం ఇంట్లో. నాయన ఎద్దులతో కపిల తోలి బావి నీళ్ళు తోడితే తాను చెరుకు తోటలో మడవలు కట్టినవారు. తిండి రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి. ఇంకేం, 'నూరేళ్ళ రహస్యం సంగటే' అని వీడియో పెట్టేశారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పటి నుంచి రాగులకు డబ్బా, డబ్బాకు బొమ్మ, బొమ్మకు ధర వచ్చాయి కదా, వ్యాపారం బాగుంది.

అదే సంగటి, అదే చట్టిలోది తిన్న ఈమె తమ్ముడు ఆరేళ్ళకే మశూచితో పోయాడు. ఆ ముక్క వీడియోలో కత్తిరించారు.

మన దేశంలో మశూచి 1975తో ఆగిపోయింది. సంగటి ఆపలేదు. అమ్మవారు పోస్తే సూదేంది, గంగమ్మకు కోపమొస్తుందని తల్లులు పిల్లల్ని గాదెల వెనక దాచేవాళ్ళు. నర్సమ్మ ముందు గంగమ్మకు దండం పెట్టి, తర్వాత గాదె వెనక్కి వంగి, దొరికిన చేతికి రెండు మొనల సూదితో టీకా పొడిచేవారు. వేలూరుకు నర్సింగు చదవడానికి పోయేటప్పుడు 'పరాయి మగాళ్ళను తాకే పని, సంబంధాలెట్ల వస్తాయి' అన్న పెదనాయనే, కోడలికి నొప్పులొచ్చిన రాత్రి లాంతరు పట్టుకుని వచ్చి తలుపు కొట్టాడు. ఇవేవీ వంటకాలు కావు కాబట్టి ఎవరూ అడగరు.

మే 12న, నర్సుల దినోత్సవానికి మాత్రం శాలువా తప్పదు. ఆ రోజు పుట్టిన ఫ్లోరెన్స్ నైటింగేల్ కూడా 90 ఏళ్ళకే సరిపెట్టుకున్నారు. ఈమెకు ఆ వినయమూ లేదు. మొన్నటి సన్మానంలో శాలువా పళ్ళెం పట్టుకుని నిలబడిన కాంట్రాక్టు నర్సమ్మాయిని 'జీతం సరిగ్గా ఇస్తా ఉండారా బిడ్డా?' అని మైకులోనే అడిగేశారు. కరెంటు పోయింది. మైకుకు మాత్రమే.

ఇన్ని ఆధారాలున్నా, ఆమె బతికే ఉన్నారన్నది అధికారికంగా ఇంకా తేలలేదు. పింఛనుదారు బతికే ఉన్నారని ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ కోసం ఈసారి ఓ కుర్రాడే ఇంటికి వచ్చాడు. బొటనవేలు పెట్టించాడు, పడలేదు. చీర కొంగుతో తుడిచి పెట్టించాడు, పడలేదు. పది వేళ్ళూ అయ్యాయి.

"గీతలు అరిగిపోయినాయవ్వా."

"ముప్పై ఏళ్ళు స్పిరిట్లో, ఫినాయిల్లో నానినాయి నాయనా. యాడ మిగుల్తాయి?"

సరే, ముఖం చూపించమన్నాడు. ఫోను ఎదురుగా పెట్టి "కళ్ళు ఆర్పవ్వా" అన్నాడు. ఆర్పారు. మళ్ళీ ప్రయత్నించమంది ఫోను. ఎన్ని పుట్టుకలు, ఎన్ని చావులు రిజిస్టరులో రాసి సంతకం పెట్టారో ఆ చేత్తో, నర్సమ్మ ఆ కుర్రాడి మణికట్టు పట్టుకుని గోడ గడియారం వైపు చూశారు.

"నాడి దడదడా కొట్టుకుంటా ఉండాదే. పొద్దన్నుంచి ఏమన్నా తిన్నావా?"

"టీ తాగినానవ్వా. ఇంకా పద్నాలుగు ఇండ్లు ఉండాయి."

"నేనుండేది ఆ ఫోనుకు తెలీకపోతే పోనీలే. లోపల ఇడ్లీలుండాయి, ముందు పోయి తిను."