ఒక్క పోటైతే హత్య కాదా?

వీధిలో కత్తిపోటు కేసుల అప్పీళ్ల గురించి రాస్తూ ‘పొడిచింది ఒక్కసారే అయితే 302 (పాత శిక్షాస్మృతి ఐపీసీలో హత్యకు శిక్ష వేసే సెక్షన్) నిలవదు’ అని తేల్చేశారు మీరు. అదేం రూలండీ? 1958లో సుప్రీంకోర్టుకొచ్చిన విర్సా సింగ్ కేసు, పంజాబ్‌ది, అందులో బల్లెంతో ఒకే ఒక్క పోటు, కడుపులో దిగి పేగులు మూడు చుట్లు బయటికొచ్చేశాయి, మనిషి మర్నాడు పోయాడు. చంపే ఉద్దేశం లేదన్నా అప్పీలు కొట్టేశారు. ఆ గాయం కావాలనే చేశాడా, మామూలుగా ప్రాణం తీసేంత గాయమేనా, హత్య అనడానికి ఈ రెండూ రుజువైతే చాలన్నది జస్టిస్ వివియన్ బోస్ మాట.

అలాగని అన్నీ ఒకే గాటన కట్టరు. మాటామాటా పెరిగి అప్పటికప్పుడు జరిగిందా, కత్తి జేబులో పెట్టుకునే వచ్చాడా లేక పక్కనున్న బోండాల బండి మీది కత్తి లాక్కున్నాడా, ఎక్కడ పొడిచాడు, ఎంత బలంగా, ఇవన్నీ చూస్తారు (2006లో మన ఆంధ్రప్రదేశ్ కేసు ఒకదాంట్లోనే సుప్రీంకోర్టు ఇవన్నీ వరసగా రాసింది).

ఇంకోటి, 304కి (హత్య కిందికి రాని ప్రాణహరణం సెక్షన్) మారినంత మాత్రాన బయటపడ్డట్టు కాదు. మొదటి భాగం కిందైతే యావజ్జీవం కూడా వేయొచ్చు. ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలో ఇవే 103, 105 సెక్షన్లు, మీరు పాత నంబర్లే ఇచ్చారు, సరిచేయండి.