డెన్మార్క్ ఎరుగని డెన్మార్క్ కుక్క

ఇటీవల బంధువుల ఇంట్లో ఆరో తరగతి చదివే అమ్మాయి జనరల్ నాలెడ్జ్ పుస్తకం తిరగేస్తుంటే ఒక ప్రశ్న కంటపడింది. 'గ్రేట్ డేన్ ఏ దేశానికి చెందిన కుక్క?' అని అడిగి నాలుగు దేశాల పేర్లు ఇచ్చారు. పుస్తకం చివర ఇచ్చిన జవాబు డెన్మార్క్. పేరులోనే 'డేన్' ఉంది కాబట్టి ఆ అమ్మాయి తడుముకోకుండా దానికే టిక్కు పెట్టింది. నిజానికి ఈ జాతిని తీర్చిదిద్దినవారు జర్మన్లు. అంతర్జాతీయ శునక సమాఖ్య ఎఫ్‌సీఐ 235వ సంఖ్య కింద దీన్ని జర్మనీ జాతిగా, 'డాయిచె డొగ్గె' అనే పేరుతో నమోదు చేసింది. అంటే 'జర్మన్ డొగ్గె' అని అర్థం. ఆ డొగ్గె మాత్రం జర్మన్ మాట కాదు, ఇంగ్లీషు 'డాగ్' నుంచి వచ్చినదే.

ఇది వినడానికి వింతగా ఉన్నా, జరిగిన తీరు చూస్తే సహజంగానే అనిపిస్తుంది. పాత ఇంగ్లీషులో కుక్కను మామూలుగా పిలిచే మాట 'హుండ్'. జర్మన్, డేనిష్, స్వీడిష్ భాషల్లో ఇప్పటికీ అదే మాట, అదే అర్థం. 'డాగ్'కు పూర్వరూపమైన 'డొగ్గ' అప్పట్లో అరుదుగా కనిపించేది. దాని మూలమేమిటన్నది భాషా చరిత్రకారులకు నేటికీ వీడని చిక్కుముడి. 16వ శతాబ్దం వచ్చేసరికి ఈ రెండు మాటలూ స్థానాలు మార్చుకున్నాయి. డాగ్ అంటే అన్ని కుక్కలూ, 'హుండ్' నుంచి వచ్చిన హౌండ్ అంటే వేటకుక్క మాత్రమే అన్నట్టయింది.

ఆ కాలంలోనే జర్మన్ రాజుల కొలువులకు అడవిపందుల వేట కోసం ఇంగ్లండు నుంచి భారీ కుక్కలు దిగుమతయ్యాయి. తెచ్చినవాడు 'డాగ్' అన్నది కుక్క అనే అర్థంలోనే. విన్న జర్మన్‌కు కుక్క అనడానికి 'హుండ్' ఉండనే ఉంది, కాబట్టి ఈ కొత్త మాట ఆ కొత్త రకం కుక్కకే పేరని అనుకున్నాడు. బ్రెడ్ విషయంలో మనం చేసిందీ అదే. ఇంగ్లీషువాడికి అది పలు రకాల రొట్టెలకు వర్తించే మాట. జొన్నరొట్టెను మన ఇళ్లలో ఎవరూ బ్రెడ్ అనరు, బేకరీలో ముక్కలు కోసి కాగితం చుట్టి అమ్మేదానికే మనం ఆ పేరు అట్టేపెట్టాం. ఒక భాషలో జాతి మొత్తానికి వర్తించే మాట, గడప దాటగానే ఒక్క రకానికి కుదించుకుపోతుంది.

డొగ్గెకు ఆ కొలువుల్లో దక్కిన గౌరవం తక్కువది కాదు. వాటిలో మేలైనవాటిని రాజుగారి పడకగదికి కాపలా పెట్టి 'కమ్మర్‌హుండ్', అంటే గదికుక్క, అనేవారు. బంగారు పూత పూసిన పట్టెడ వాటి మెడకు ఉండేది. మిగతా భాషలు కూడా ఈ మాటను ఇలాగే కుదించి వాడుకున్నాయి. ఫ్రెంచివారి 'డోగ్', స్పానిష్‌వారి 'డోగొ' బలిష్ఠమైన కాపలా, వేట కుక్కలకే పరిమితం. రష్యన్‌లో కుక్క 'సబాక'. అక్కడ 'డోగ్' అంటే గ్రేట్ డేన్ గుర్తుకొస్తుంది. బుల్‌డాగ్‌ను ఫ్రెంచివారు 'బూల్‌డోగ్' చేశారు. అందులో ఎద్దు మాయమై, ఆ భాషలో బంతి అనే అర్థమున్న 'బూల్' చేరింది. గుండ్రటి ఆ తలను చూసినవారికి కొత్త పేరే నప్పిందేమో.

మాటల చుట్టరికాన్ని పోలికను బట్టి నిర్ణయించకూడదనడానికి కూడా ఇక్కడే మంచి ఉదాహరణ ఉంది. ఆస్ట్రేలియాలో ఉత్తర క్వీన్స్‌లాండ్‌కు చెందిన ఎంబబరం అనే, ఇప్పుడు అంతరించిన ఆదివాసీ భాషలో కుక్కను 'డోగ్' అనేవారు. దానికీ ఇంగ్లీషు డాగ్‌కూ ఏ సంబంధమూ లేదని, అది 'గుడగ' అనే పాత రూపం అరిగి అరిగి మిగిలిన మాట అని భాషాశాస్త్రవేత్త ఆర్.ఎం.డబ్ల్యు. డిక్సన్ తేల్చారు. మరోవైపు ఏ పోలికా లేని మన 'శునకం', ఇంగ్లీషు 'హౌండ్' మాత్రం దాయాదులు. సంస్కృత 'శ్వన్', గ్రీకు 'క్యువోన్', లాటిన్ 'కానిస్', జర్మన్ 'హుండ్' ఒకే వేరు నుంచి పుట్టిన మాటలు.

ఇక డెన్మార్క్ సంగతికి వస్తే, ఈ పేరుకు బాధ్యుడు ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త బ్యుఫాన్. వాతావరణమే జంతువుల ఆకారాన్ని మారుస్తుందని 18వ శతాబ్దం మధ్యలో వాదించిన ఈయన, కాపలాకుక్క ఉత్తరాదికి వెళ్లి 'గ్రాఁ దనువా'గా, అంటే పెద్ద డేనిష్ కుక్కగా మారిందని రాశాడు. సిద్ధాంతం కాలగర్భంలో కలిసినా పేరు నిలిచిపోయింది. ఇంగ్లీషువారు దాన్ని 'గ్రేట్ డేన్'గా అనువదించుకున్నారు. 1871లో ఏకమైన జర్మనీకి ఇది మింగుడుపడే పేరు కాదు. ఛాన్సలర్ బిస్మార్క్ అక్కరతో పెంచుకున్న కుక్కలు ఇవి; ఆయన కుక్కను జనం 'రైష్‌హుండ్', సామ్రాజ్య కుక్క అని పిలుచుకున్నారు. అప్పటిదాకా 'ఉల్మ్ డొగ్గె' వంటి ప్రాంతాల పేర్లతో విడివిడిగా చలామణీ అయిన కుక్కలన్నిటినీ 1880 ప్రాంతంలో డాయిచె డొగ్గె అనే ఒకే పేరు కిందికి తెచ్చారు. 1888లో బెర్లిన్‌లో సంఘమూ పెట్టారు. మరుసటి ఏడాది షికాగోలో ఏర్పడిన అమెరికన్ సంఘం ఎటూ తేల్చుకోలేక 'జర్మన్ మాస్టిఫ్ లేదా గ్రేట్ డేన్ క్లబ్' అని రెండు పేర్లూ పెట్టుకుంది. కొద్ది కాలానికే అందులో జర్మన్ రాలిపోయింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది డేనిష్‌వారి వాడుక. తమ దేశం పేరు మోస్తున్న ఈ కుక్కను వారు తమ భాషలో పిలుచుకోరు, ఫ్రెంచిలో 'గ్రాఁ దనువా' అనే అంటారు. టర్కీవారు అందులో సగమే తీసుకుని 'దనువా' అన్నారు. ఇటాలియన్‌లో అది 'అలానో'. 5వ శతాబ్దంలో తూర్పు గడ్డిమైదానాల నుంచి పశ్చిమ ఐరోపాలోకి వచ్చిన అలాన్ తెగవారి పేరు మీదుగా వచ్చిన మాట. అదే అలానో స్పెయిన్‌లో వేరే జాతి కుక్క. ఇన్ని పేర్లలో ఏ ఒక్కటీ కుక్క జన్మపత్రిక కాదు. అది ఎవరి కళ్లకు ఎక్కడిదిగా కనిపించిందో మాత్రం ప్రతి పేరూ చెబుతుంది. మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వచ్చిన కాయను మనం సీమచింత అంటున్నాం. అది ఇంగ్లండులో కాయకపోయినా తెల్లవాళ్ల కాలంలో పరాయి దేశపు సరుకంతా మనకు సీమదే.

తెలుగులో హౌండ్‌కు సరితూగే మాట ఒకటుంది, జాగిలం. నిఘంటువుల్లో వేటకుక్క అని అర్థం. వేట పోయాక ఆ మాట పోలీసుల దగ్గర ఉద్యోగంలో చేరింది. 'జాగిలాలతో తనిఖీలు' అన్న వార్త చదివినప్పుడు లాబ్రడార్ కావచ్చు, ఆల్సేషియన్ కావచ్చు, మనకు స్ఫురించేది జాతి కాదు, వాసన పసిగట్టే పని. ఈ మార్పును నిఘంటువులు నమోదు చేయాలి. అలాగే డాక్స్‌హుండ్ అనే జర్మన్ కుక్క జాతి పేరులోని 'హుండ్'ను చూసి జాగిలం అని అనువదించకూడదు. అక్కడ దాని అర్థం ఉత్త కుక్క.

పాఠాలు రాసేవారు గ్రేట్ డేన్ పేరును మార్చనక్కర్లేదు, వాడుకలో పాతుకుపోయిన పేరును అలాగే ఉంచి పక్కన జర్మనీ అని రాస్తే సరిపోతుంది. డెన్మార్క్‌కు చెందిన పెద్ద కుక్క ఏదని పిల్లలను అడగాలనుకుంటే బ్రోహోల్మర్ ఉంది. ఆ దేశంలోని ఫ్యూన్ దీవిలో ఉన్న బ్రోహోల్మ్ కోట పేరే దానికి పెట్టారు.