వెన్నెముక ఒక్కటే కొలత కాదండీ

ఆర్టికల్ బాగుంది కానీ జంతువుల్ని వెన్నెముక ఉన్నవి, లేనివి అని రెండు ముక్కల్లో తేల్చేశారు, అది చూశాక రాయకుండా ఉండలేకపోయా. వెన్నెముక ఉన్నవన్నీ కలిపినా కార్డేటా అనే ఒక్క వర్గంలో ఒక భాగమేనండీ, అలాంటి వర్గాలు 30కి పైనే ఉన్నాయి. 1758లో జీవుల్ని వర్గాలుగా విడదీసిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ కూడా కీటకాలు, పీతల్లాంటివి పోగా మిగిలిన వెన్నెముక లేనివాటిని పురుగులని ఒకే గంపలో వేసేశాడు, మనమింకా అక్కడే ఉంటే ఎలా.

మేం చెన్నైలో ఉంటాం, ఆదివారం పొద్దున్నే కాశిమేడు వెళ్లి చేపలు తెస్తా, శుభ్రం చేస్తుంటే మా పాప పక్కనే నిలబడి చూస్తుంది. రొయ్య కాళ్లు, పీత కాళ్లు చూడండి, కీళ్లు కీళ్లుగా ఉంటాయి, పైన పెంకు, అవి బొద్దింక, సాలీడులతో పాటు ఆర్థ్రోపోడా అనే ఇంకో వర్గంలోకి వస్తాయి. స్క్విడ్ అనే మెత్తటి సముద్రజీవిని ఇక్కడ కడంబా అంటారు, దాని తల లాగేశాక లోపల వేలుపెట్టి తీస్తే అద్దంలా పల్చటి రేకు ఒకటి ఈకలాగా జారి వస్తుంది, అది దాని పూర్వీకుల గుల్లలో మిగిలిన ముక్క! అంటే స్క్విడ్ చుట్టరికం నత్తతో, చేపతో కాదు.

ఇంకా ఆశ్చర్యం స్టార్‌ఫిష్. తలా లేదు, మెదడూ లేదు, అయినా స్క్విడ్ కన్నా అదే మనకి దగ్గర. పిండంలో మొదట ఏర్పడే రంధ్రం మనకీ దానికీ మలద్వారం వైపే అవుతుంది, డీఎన్ఏ కూడా ఈ దగ్గరితనాన్నే చూపిస్తోంది. దయచేసి ఈ సంగతి ఆర్టికల్‌లో కలపండి, పిల్లలు చదువుతారు.