గ్లాసులో డ్రై ఐస్ వేయకండి: హాలోవీన్ పార్టీ మెసేజ్‌లో తప్పులు

అక్టోబరు సగం గడిచిందంటే అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. మాటలు అటూ ఇటూ మారినా సారాంశం ఒకటే. హాలోవీన్ రాత్రి (అక్టోబరు 31, పిల్లలు వేషాలు వేసుకుని ఇంటింటికీ మిఠాయిలకు వెళ్లే పండుగ) పిల్లల్ని వీధుల్లో తిప్పకండి, ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇచ్చే చాక్లెట్లలో విషం, డ్రగ్స్ ఉంటాయి, ఇంట్లోనే పార్టీ పెట్టుకోండి, అన్నీ న్యాచురల్, అన్నీ సేఫ్ అని. కింద చిట్కాలు. ప్రతి గ్లాసులో ఓ డ్రై ఐస్ ముక్క వేస్తే పొగలు కక్కుతుంది. నిమ్మరసంలో చార్‌కోల్ పొడి కలిపితే నల్లగా మారుతుంది, పైగా ఒంట్లో విషాలు లాగేస్తుంది. లిచీలు, ద్రాక్షలతో కనుగుడ్లు చేయండి, పళ్లే కాబట్టి చంటిపిల్లలకూ పెట్టొచ్చు. డబ్బా జ్యూసులు మాని తోటలో పిండిన, కాచని యాపిల్ సైడర్ (యాపిల్ రసం) పోయండి. స్వీట్లు మాత్రం దాచేయండి, చక్కెర తింటే పిల్లలు హైపర్ అయిపోతారు.

పంపేవాళ్లు పిల్లల మీద ప్రేమతోనే పంపుతున్నారు, అందులో అనుమానం లేదు. కానీ ఈ మెసేజ్ నిజంగా భయపడాల్సిన వాటికి ధైర్యం చెప్పి, భయపడనక్కర్లేని దానికి హడలగొడుతోంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెప్పాలనిపించింది. అన్నిటికంటే ప్రమాదకరమైన చిట్కాతో మొదలుపెడతాను.

"డ్రై ఐస్ కూడా ఐసే, ప్రతి గ్లాసులో ఒక ముక్క వేయండి."

డ్రై ఐస్ నీటి గడ్డ కాదు, గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. మన ఇంట్లో ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే, ఇది మైనస్ 78 డిగ్రీలు. వట్టి చేత్తో కాసేపు పట్టుకుంటే చర్మం కాలినట్టే బొబ్బలెక్కుతుంది. ఇక నాలుక, గొంతు, పేగుల సంగతి చెప్పాలా? మింగితే పొట్టలో అది ఒక్కసారిగా గ్యాస్‌గా మారి ఉబ్బుతుంది కూడా. 2024 మార్చిలో గురుగ్రామ్‌లో ఒక రెస్టారెంట్‌లో భోజనం తర్వాత మౌత్ ఫ్రెషనర్ అనుకుని డ్రై ఐస్ నోట్లో వేసుకున్న ఐదుగురు రక్తం కక్కుకుని ఆస్పత్రి పాలయ్యారు. వాళ్లంతా పెద్దవాళ్లు.

"బరువుగా ఉంటుంది కాబట్టి గ్లాసు అడుగునే ఉండిపోతుంది, నోట్లోకి రాదు" అని కొందరు సర్దిచెబుతారు. మునిగే మాట నిజమే. కానీ ఐదేళ్ల పిల్లాడు జ్యూస్ ఎలా తాగుతాడో గుర్తు తెచ్చుకోండి. చివరి గుక్క కోసం గ్లాసు పూర్తిగా ఎత్తి, అడుగు తట్టి మరీ నోట్లో ఒంపుకుంటాడు. అప్పటికి ముక్క బఠాణీ గింజంత అయి ఉంటుంది, సులువుగా జారిపోతుంది. ఇక పొగ వట్టి నీటి ఆవిరే అన్న మాట సగమే నిజం. కంటికి కనిపించే మబ్బు సన్నటి నీటి తుంపరే. దాంతోపాటు కనిపించకుండా వచ్చే కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువైంది, నేలబారుగా పేరుకుంటుంది. పాకే పిల్లలు, పెంపుడు కుక్క ఉండేది ఆ ఎత్తులోనే. తలుపులన్నీ మూసిన బేస్‌మెంట్‌లో పార్టీ పెట్టేవాళ్లు ఇది బాగా గుర్తుంచుకోవాలి.

పొగ మానుకోమని నేను అనను. మంత్రగత్తె కాగులోంచి పొగలు బల్ల మీదికి పారుతుంటే పిల్లల కళ్లు ఎంత పెద్దవవుతాయో చూడాల్సిందే. దానికి రెండు గిన్నెలు కావాలి. పెద్ద బేసిన్ మధ్యలో పంచ్ ఉన్న గిన్నె పెట్టండి. రెండింటి మధ్య ఉన్న ఖాళీలో గోరువెచ్చటి నీళ్లు పోసి, మందపాటి గ్లవ్స్ తొడుక్కుని పట్టకారుతో డ్రై ఐస్ ముక్కలు ఆ నీళ్లలో వేయండి. పొగ అంచు మీదుగా పొర్లుతుంది, తాగేదానిలో మాత్రం ఒక్క ముక్కా ఉండదు. పొగ తగ్గితే ఇంకాసిని వెచ్చటి నీళ్లు పోస్తే చాలు. ఆ బల్ల దగ్గర ఒక పెద్ద మనిషి నిలబడి ఉండాలి. తెచ్చేటప్పుడు కారు అద్దం దించి ఉంచండి. మూత బిగించిన డబ్బాలో, ఫ్లాస్కులో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి, గ్యాస్ నిండి పేలుతుంది. మిగిలింది సింకులో పారేయకుండా పిల్లలకు అందని చోట, ఆరుబయట వదిలేస్తే దానంతటదే ఆవిరైపోతుంది.

ఇదే కోవలో లిక్విడ్ నైట్రోజన్ స్నాక్స్ కూడా వస్తున్నాయి, నోట్లోంచి పొగలు వస్తాయని. అది మైనస్ 196 డిగ్రీలు. వడ్డించే ముందు నైట్రోజన్ కలిపిన ఇలాంటి తిండి జోలికి పోవద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. 2012లో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్‌లో 18వ పుట్టినరోజున నైట్రోజన్ కాక్‌టెయిల్ తాగిన అమ్మాయికి డాక్టర్లు పొట్టే తీసేయాల్సి వచ్చింది. ఇంటి పార్టీలో దీనికి చోటు లేదు.

"చార్‌కోల్ పొడి నల్లరంగు ఇస్తుంది, డిటాక్స్ కూడా."

ఆస్పత్రుల్లో విషం మింగినవాళ్లకు యాక్టివేటెడ్ చార్‌కోల్ ఇచ్చే మాట నిజమే. పొట్టలో ఉన్న విషం రక్తంలోకి ఎక్కకముందే దాన్ని తన మీద అంటించుకుంటుంది. అది డాక్టర్లు వేళ చూసి, మోతాదు చూసి చేసే చికిత్స. రోజూ తినే తిండి వల్ల రక్తంలో చేరినవాటిని లాగే శక్తి దానికి లేదు, ఆ పని మన కాలేయం, కిడ్నీలు చేసుకుంటాయి. చిక్కేమిటంటే, విషానికీ మందుకూ దానికి తేడా తెలియదు. పార్టీకి వచ్చిన పెద్దమ్మ బీపీ మాత్ర వేసుకుని ఆ నల్ల నిమ్మరసం తాగితే మాత్రలో కొంత పని చేయకుండానే పోవచ్చు. ఫిట్స్ మందులకూ, గర్భనిరోధక మాత్రలకూ ఇదే ఇబ్బంది. ఎఫ్‌డీఏ దీన్ని ఆహారంలో కలిపే పదార్థంగా ఆమోదించలేదు. ఆ కారణంతోనే 2018లో న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖ హోటళ్లలో, కేఫ్‌లలో చార్‌కోల్ ఐస్‌క్రీములు, డ్రింకులు ఆపించింది.

నలుపు కావాలంటే మన వంటింట్లోనే ఉంది. నల్ల నువ్వులు వేయించి పొడి కొట్టి బెల్లంతో ఉండ చుడితే చీకట్లో దొరికిన రాయిలా ఉంటుంది, రుచి చెప్పనక్కర్లేదు. కాలా జామున్ సరేసరి. కేకులకు బ్లాక్ కోకో వాడొచ్చు. డ్రింకులో నాకు బాగా నచ్చేది శంఖుపూలు. ఎండిన పూలు వేడినీళ్లలో వేస్తే ముదురు నీలం దిగుతుంది. చల్లార్చి గ్లాసుల్లో పోసి పిల్లల చేతికే నిమ్మచెక్క ఇవ్వండి. పిండగానే నీలం కాస్తా వాళ్ల కళ్లముందే ఊదారంగులోకి తిరుగుతుంది. నిమ్మరసం పులుపుకి పూలలోని రంగు మారుతుంది, అంతే. ఇంతకంటే మంత్రం ఏం కావాలి?

బజారులో కొన్న నల్ల ఐసింగ్ వాడారనుకోండి, మర్నాడు పిల్లలు ఆకుపచ్చగా దొడ్డికి వెళ్తే టెన్షన్ పడకండి. అది రంగు ప్రభావమే. 2015 హాలోవీన్‌కి ఒక పెద్ద బర్గర్ కంపెనీ నల్ల బన్ను అమ్మినప్పుడు అమెరికా అంతా ఇదే మాట్లాడుకుంది.

"లిచీ కళ్లు, ద్రాక్ష కళ్లు పళ్లే కదా, చంటిపిల్లలకూ పెట్టొచ్చు."

ఈ వాక్యం చదివినప్పుడల్లా నా గుండె ఝల్లుమంటుంది. ద్రాక్షపండు గుండ్రంగా, నున్నగా, మెత్తగా ఉంటుంది. చిన్నపిల్లల శ్వాసనాళంలో ఇరుక్కుంటే గాలి పోయే సందు కూడా మిగలకుండా మూసేస్తుంది. నాలుగేళ్ల లోపు పిల్లలకు నిండు ద్రాక్షలు, గింజపప్పులు, గట్టి చాక్లెట్లు, పాప్‌కార్న్, చక్రాల్లా కోసిన హాట్‌డాగ్ పెట్టొద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెబుతుంది. మెసేజ్‌లో ఉన్న కన్ను ఇంకా ఘోరం. జారిపోయే డబ్బా లిచీ, దాని బొక్కలో ఒక బ్లూబెర్రీ. పైగా పిల్లలు నవ్వుతూ, ముసుగులు వేసుకుని పరిగెడుతూ తింటారు.

ద్రాక్ష పెట్టాలంటే నిలువుగా నాలుగు ముక్కలు చేయండి. పిండి పట్టీలు చుట్టిన హాట్‌డాగ్ మమ్మీలు చేస్తే, చిన్నవాళ్లకు వాటినీ నిలువుగా చీల్చి సన్నగా కోసి పెట్టండి. కన్నే కావాలంటే ఇడ్లీ ఉంది. మామూలు సైజు ఇడ్లీ మీద చెంచాతో టమాటా పచ్చడి గుండ్రంగా రాసి, మధ్యలో నల్ల ఆలివ్ చక్రం ఒకటి పెట్టి, పచ్చడిని టూత్‌పిక్‌తో అంచులకు గీతలు లాగితే ఎర్రజీరలు తేలిన కన్ను మీవంక చూస్తుంది. చంటివాళ్ల పళ్లెంలో ఆలివ్ తరిగి వేయండి, టూత్‌పిక్ మాత్రం వంటింట్లోనే పారేయండి.

మంత్రగత్తె వేళ్ల బిస్కెట్లకు గోరుగా బాదంపప్పు పెడతారు. మనవాళ్ల పార్టీల్లో జీడిపప్పు, బాదం లేని స్వీటే అరుదు, కాబట్టి పిలిచిన ప్రతి ఇంటినీ అలర్జీ గురించి ముందే అడగండి. బాదం బదులు ఎర్ర క్యాప్సికం ముక్క కోసి పెడితే గోరు ఇంకా భయంకరంగా ఉంటుంది, ఉప్పు బిస్కెట్‌కి రుచి కూడా కుదురుతుంది. కొన్ని ఇళ్ల ముందు నీలాకుపచ్చ రంగు గుమ్మడికాయ కనిపిస్తే, అలర్జీ ఉన్న పిల్లలకు తిండి కాని బహుమతులు అక్కడ ఉన్నాయని గుర్తు.

"తోటలో పిండిన పచ్చి సైడర్ ఆరోగ్యం."

1996లో సరిగ్గా హాలోవీన్‌కి ముందురోజు, అక్టోబరు 30న, వాషింగ్టన్ రాష్ట్ర ఆరోగ్య అధికారులు పాశ్చరైజ్ చేయని (క్రిములు చచ్చేలా వేడిచేయని) యాపిల్ జ్యూస్‌లో ఈ.కోలై ఓ157 అనే ప్రమాదకరమైన బాక్టీరియా ఉందని ప్రకటించారు. ఆ జ్యూస్ వల్ల అరవై మందికి పైగా జబ్బుపడ్డారు, కొలరాడోలో ఒక పసిపాప చనిపోయింది. ఆ తర్వాతే 1998లో పాశ్చరైజ్ చేయని జ్యూసు సీసాల మీద హెచ్చరిక అచ్చువేయాలని ఎఫ్‌డీఏ నియమం పెట్టింది. తోటలో గ్లాసుతో అమ్మే సైడర్‌కు ఆ లేబుల్ అక్కర్లేదు, కాబట్టి అడిగి తెలుసుకోవాలి. కొనేశారా? దాల్చినచెక్క, నాలుగు లవంగాలు, అల్లం ముక్క వేసి ఒక పొంగు రానివ్వండి. బాక్టీరియా చస్తుంది, అక్టోబరు చలికి అంతకంటే మంచి డ్రింకూ ఉండదు.

చక్కెర సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. 1995లో అమెరికా వైద్య సంఘం పత్రికలో 23 ప్రయోగాల్ని కలిపి చూసి, చక్కెర పిల్లల ప్రవర్తనను మార్చడం లేదని తేల్చారు. అంతకు ముందు ఏడాది చేసిన ఇంకో ప్రయోగంలో పిల్లలకు చక్కెర లేని డ్రింకే ఇచ్చి, కొందరు తల్లులకు మాత్రం చక్కెర ఇచ్చామని చెప్పారు. ఆ తల్లులకు తమ పిల్లలు మరీ హైపర్‌గా కనిపించారు. పళ్లు పుచ్చిపోతాయనో, అన్నం తినరనో తగ్గించండి, న్యాయం. పార్టీలో వాళ్లు ఎగిరేది మాత్రం స్నేహితులు దొరికిన సంతోషంతో.

ఇక మెసేజ్ మొదటి మాట, విషం చాక్లెట్లు.

డెలావేర్ యూనివర్సిటీ సోషియాలజిస్టు జోయెల్ బెస్ట్ 1958 నుంచి వచ్చిన ఇలాంటి వార్తలన్నిటినీ దశాబ్దాలుగా జల్లెడ పట్టారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇంటింటికీ వచ్చే పిల్లలకు విషం పంచి చంపిన కేసు ఒక్కటీ ఆయనకు రుజువు కాలేదు. అందరూ చెప్పుకునే 1974 టెక్సాస్ కేసులో ఎనిమిదేళ్ల పిల్లాడికి సైనైడ్ కలిపిన మిఠాయి పెట్టింది కన్నతండ్రి, ఇన్సూరెన్స్ డబ్బు కోసం. 1970లో డెట్రాయిట్‌లో హెరాయిన్‌తో చనిపోయిన పిల్లాడికి అది దొరికింది బంధువు ఇంట్లోనే. నిజం కప్పిపుచ్చడానికి ఇంటివాళ్లు తర్వాత చాక్లెట్ల మీద చల్లారు. 1982లో హాలోవీన్‌కి కొన్ని వారాల ముందు షికాగో ప్రాంతంలో విషం కలిపిన టైలెనాల్ నొప్పి మాత్రలు మింగి ఏడుగురు చనిపోయారు. ఆ బెంగే ఈ పండుగకు కూడా పాకింది. 2022లో ఫెంటానిల్ అనే ప్రాణాంతక మత్తుమందు రంగురంగుల మాత్రల గురించి ఇదే గోల రేగింది. వాటికీ హాలోవీన్‌కీ సంబంధం కనబడలేదని, ఆ మాత్రల గురించి హెచ్చరించిన అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ అప్పటి అధిపతే చెప్పారు.

సూదులు గుచ్చిన ఘటనలు అసలు లేవని అనను. 2000లో మినియాపొలిస్‌లో ఒకతను చాక్లెట్ బార్లలో సూదులు పెట్టాడు, ఒక కుర్రాడికి గుచ్చుకుంది, గాయం పెద్దది కాదు. అందుకని చిరిగిన కవర్లు పారేయండి, అది అయిదు నిమిషాల పని. సంచి మొత్తం చెత్తబుట్టలో వేయనక్కర్లేదు.

ఇంట్లోనే ఉంటే సేఫ్ అన్నదీ అంత ఖాయం కాదు. గంజాయి కలిపిన గమ్మీల వంటి తినుబండారాలు ఆరేళ్ల లోపు పిల్లలు పొరపాటున తిన్న కేసులు అమెరికా పాయిజన్ సెంటర్లకు 2017లో 207 వస్తే, 2021లో 3,054 వచ్చాయి. దాదాపు అన్నీ ఇళ్లలో జరిగినవే. పార్టీకి వచ్చిన ఎవరి బ్యాగులోనైనా అలాంటివి ఉంటే అది పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి. ఏదైనా మింగారని అనుమానం వస్తే 1-800-222-1222కి ఫోన్ చేయండి, రాత్రీ పగలూ ఉచితంగా పలుకుతారు. ఊపిరి ఆడకపోయినా, స్పృహ తప్పినా నేరుగా 911.

వీధిలో నిజంగా భయపడాల్సింది కార్లకు. 42 ఏళ్ల లెక్కలు చూసిన ఒక పరిశోధనలో మామూలు సాయంత్రాలకంటే హాలోవీన్ సాయంత్రం పాదచారులు ప్రమాదాల్లో చనిపోయే అవకాశం 43 శాతం ఎక్కువని తేలింది. కాబట్టి ఆ ఇడ్లీ కళ్లేవో ఐదింటికే పెట్టేసి, నల్లటి దయ్యం డ్రెస్సు మీద మెరిసే టేపు అతికించి, చేతికి టార్చి ఇచ్చి, పిల్లల వెంట మీరూ నడవండి.