భూమి లోపల కూడా హద్దురాళ్లు పాతాలి

భూమి మీద హద్దు తగాదా వస్తే సర్వేయరున్నాడు, గొలుసుంది, కోర్టుంది. భూమి లోపలి హద్దుల గోడు మాత్రం ఎవరికీ పట్టలేదు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు దిక్కు ఒక్క బోరు వేయించి చూడండి, ఈ అరాచకం ఎంత లోతుకు పోయిందో తెలుస్తుంది.

పైనున్న మట్టి నేలల శాస్త్రవేత్తది. దాని కింది మొరం ఎవరిదో ఇంకా తేలలేదు. గ్రానైటు జియాలజిస్టుది. ఆ గ్రానైటు పగుళ్లలో తడి కనబడిందా, ఆయన వెంటనే కళ్లు మూసుకుని, భూగర్భజలాలు చూసే హైడ్రోజియాలజిస్టుకు కబురు పెట్టాలి. ఇది నా చాదస్తం కాదు. పర్యావరణ ప్రభావ నివేదికలు రాసేవారికి గుర్తింపునిచ్చే నాబెట్ లెక్కలో భూగర్భశాస్త్రం ఒక విభాగం, భూగర్భజలాలు ఇంకోటి, నేలల సంరక్షణ మరోటి. కాలిఫోర్నియాలోనైతే లైసెన్సున్న జియాలజిస్టు కూడా సర్టిఫైడ్ హైడ్రోజియాలజిస్టు అనిపించుకోవాలంటే మళ్లీ పరీక్ష రాయాల్సిందే. మన దగ్గర ఆర్కిటెక్టుకు 1972లోనే చట్టం వచ్చింది. జియాలజిస్టుకు మాత్రం అలాంటి రిజిస్ట్రేషనే లేదు, పాపం.

అసలు చిక్కంతా ఫ్లోరైడుతోనే. దానికి బొత్తిగా క్రమశిక్షణ లేదు. రాతిలో ఉన్నన్నాళ్లు జియాలజిస్టు పరిధి. నీళ్లలో కరిగితే హైడ్రోజియాలజిస్టుది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే కెమిస్టుది. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలై తేలితే పళ్ల డాక్టరుది, నడుము వంచేస్తే ఎముకల డాక్టరుది. ఎవరి హద్దులో వారు నిర్దోషులే. పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తీసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరైతే పెట్టారు. జిల్లాకు ఆ గౌరవమైనా దక్కింది.

ఇంతమంది నిపుణుల నడుమ, ఏ హద్దూ లేకుండా చెలకలో తిరిగేది, బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో పాయింట్ చూసేటాయన ఒక్కడే. చెప్పులు విడిచి, అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని నడుస్తాడు. కాయ లేచి నిలబడ్డచోట రాయి పెట్టి, ‘ఈడ్నే ఎయ్ పటేలా, మూడించులు తగ్గదు’ అంటాడు. ఆరు వందల ఫీట్లు దిగినా రిగ్గు తెల్లదుమ్మే ఎగజిమ్మితే, ‘కాయది తప్పులేదు, ఇంకో వంద ఫీట్లు నువ్వే ఎయ్యనియ్యలే’ అంటాడు. ఫీజు వాపసు లేదు. 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) రిగ్గును రిజిస్టర్ చేయించమంది, బోరుకు అనుమతి తీసుకోమంది. కొబ్బరికాయను మాత్రం ఒక్క మాటా అనలేదు.

అందుకే ప్రభుత్వానికి నా మనవి: కాయలకూ లైసెన్సు పెట్టండి. పీచున్న కాయకు మూడు వందల ఫీట్ల దాకా, పీచు తీసినదానికి ఆపైన. ఏటా రెన్యువల్. బోరు ఫెయిలైతే ఆ కాయను అక్కడికక్కడే కొట్టి పచ్చడి నూరుకునే హక్కు రైతుకు రాసివ్వాలి.